ఆకుపిట్టలు ముందే పోయిన ఏడు

1946 ఫిబ్రవరి 3, ఆదివారం

ఈ ఏడు డైరీ రాయమని మునినారాయణప్ప ఒకటే పోరు. "చూసిన పిట్టల పేర్లన్నా రాసి పెట్టుకో గిరియప్పా, మర్చిపోతావు" అన్నాడు. డ్రాయింగు మాస్టరుగా రిటైరై ఐదేళ్ళయినా ఎదుటివాణ్ణి బెంచీ ఎక్కించే అలవాటు పోలేదు. కాగితాల అంగడివాడు ఊరికే ఇచ్చిన డైరీ ఒకటి ఉంది. రాస్తున్నాను.

లాల్‌బాగ్‌లో నేడు చూసినవి: చెరువు గట్టున తోక ఆడించే పసుపు పిట్టలు. బూరుగ చెట్టు మీద గులాబిరంగు గోరువంకల గుంపు, రేషను అంగడి ముందర జనం మాదిరి ఒకదాన్నొకటి తోసుకుంటూ. వంగపండు పిట్ట ఒకటి.

విననిది: ఆకుపిట్ట.

ఆకుపిట్ట అనేది మేమిద్దరం పెట్టుకున్న పేరు. అసలు పేరు ఎవరికి తెలుసు. బొటనవేలంత ఉంటుంది, కానుగ ఆకు రంగు, ఒక కొమ్మన ఒక నిమిషం నిలవదు. కంటికి దొరకదు గాని చెవికి దొరుకుతుంది. చలికి ముందర వస్తుంది, ఎండలు ముదిరాక ఉత్తరాన కొండలు దాటి వెళ్ళిపోతుంది. మా ఇద్దరి ఒప్పందంలో కళ్ళు మునినారాయణప్పవి, చెవులు నావి. ఆఖరి ఆకుపిట్ట ఏ రోజు పలికిందో చెప్పవలసింది నేను. పోయిన ఏడు ఏప్రిల్ దాకా ఉన్నాయి. ఈసారి ముందే పోయాయి. యుద్ధం అయిపోయినా ఆ మిలిటరీ లారీల మోత అయిపోలేదు, ఆ మోతకు ఏ పిట్ట నిలుస్తుంది!

ఫిబ్రవరి 5

లేవు.

ఫిబ్రవరి 8

సుబ్బలక్ష్మమ్మకు వయసు మీద పడుతున్నట్టుంది. నోట్లోనే మాట్లాడుతోంది. వంటింట్లోంచి ఏదో అంటుంది, "ఏమి?" అంటే "ఏం లేదులెండి" అంటుంది. మా పెండ్లయిన కొత్తలో ఈమె గొంతు విని పక్కింటి ఆవు లేచి నిలబడేది. ఇప్పుడు నా భార్య గొణుగుడు మనిషైంది.

నా కంచు పాత్రల అంగడికి వచ్చేవాళ్ళూ అంతే. నోరు తెరిచి చెప్పరు. యుద్ధంలో బియ్యం తగ్గాయి, చక్కెర తగ్గింది, చివరికి మనుషుల గొంతులూ తగ్గాయి.

ఒక్కటి మాత్రం బాగుంది. పెరట్లో కీచురాళ్ళ రొద ఈ ఏడు లేదు. నిద్ర హాయిగా పడుతోంది.

ఫిబ్రవరి 14

రామమందిరం పెద్ద తిమ్మరాయప్ప, ఇంకో నలుగురు ఇంటికి వచ్చారు. పాత గంట బీటలిచ్చి ఏడాదైంది. రాగీ తగరమూ కొందామంటే దొరకదు, దొరికినా కొనేటట్టు లేదు. అందుకని మా పాత్రల వీధిలో ప్రతి ఇంటి ఆడవాళ్ళూ ఇంత పాత కంచు ఇచ్చారు. చెంబో, గిన్నో, కాళ్ళ కడియమో. సుబ్బలక్ష్మమ్మ వాళ్ళమ్మ అన్నం తిన్న పళ్ళెం ఇచ్చేసింది. ఇచ్చే ముందు రోజు అందులోనే తిని, తోమి, తుడిచి ఇచ్చింది. కంచరి పిల్లప్ప పోత పోస్తాడు. శ్రీరామనవమి నాడు కట్టాలి.

"మిగతాదంతా మేము చూసుకొంటాము. మాట మాత్రం నీది" అన్నాడు తిమ్మరాయప్ప.

నాది కాక ఎవరిది! మా వీధిలో కొత్త గంట కట్టే ముందు మా ఇంటి పెద్ద కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, విని, "పలికింది" అనాలి. ఆ మాట పడితేగాని గంటకు తాడు కట్టరు. మా తాత అన్నాడు, మా నాయన అన్నాడు. ఏ మచ్చా లేని కంచు ఎట్లా పలుకుతుందో, లోపల వెంట్రుకంత నెర్రె ఉంటే ఎట్లా పలుకుతుందో మా ఇంట్లో అన్నప్రాశనానికి ముందే తెలుస్తుందని పేట అంతా అనుకుంటారు. పక్క వీధి అంగళ్ళవాళ్ళు కూడా అనుమానం వచ్చిన బిందె నా దగ్గరికే పంపుతారు. వేలితో ఒక్కసారి కొడతాను, అంతే.

"మీ యింటి చెవి ఉండగా మాకేమి బయమప్పా" అని తాంబూలం పెట్టి పోయారు.

మనసు నిండుగా ఉంది.

ఫిబ్రవరి 21

అత్తిబెలె నుంచి అంజినమ్మ అనే ఆమె వచ్చింది. సంక్రాంతి ముందర కూతురి కోసం నా దగ్గర చెంబు కొన్నది. ఆ చెంబు అంగడి గడప మీద పెట్టి, "కారుతాదప్పా" అంది.

"ఎక్కడో కింద ఎత్తేసింటారు" అన్నాను.

"ఎత్తెయ్యలేదప్పా. మా ఇంట్లో పసిబిడ్డ మాదిరి చూసుకొంటిమి. నువ్వు కొట్టి, విని, ఇచ్చినావని మేము కొట్టను కూడా కొట్టలేదు."

నీళ్ళు పోసి చూశాను. అంచు కింద చుక్క నిలబడింది. ఎత్తెయ్యకుండా నెర్రె ఎట్లా వస్తుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, జాగ్రత్త లేనివాళ్ళు అంగడిమీద తోస్తారు. నోరు మూసుకుని వేరే చెంబు ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకుని ముందు తనే వేలితో కొట్టి చూసుకుంది. నా అంగట్లో, నా ఎదురుగా!

ఫిబ్రవరి 22

చెంబు మళ్ళీ కొట్టి చూశాను. బాగానే పలుకుతోంది. నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

మార్చి 3

లాల్‌బాగ్. పొన్నంకి పిట్ట! వెదురు పొద కింద ఎండుటాకులు తిరగేస్తోంది. ఆకుపచ్చ వీపు, తోక కింద కుంకుమ ఒలికినట్టు. ఏటా ఈ దారిన పోతూ ఒకటి రెండు రోజులు మాత్రం మా బెంగుళూరులో దిగుతుంది, తిరుపతికి పోయేవాళ్ళు చుట్టాలింట్లో ఒక పూట ఆగినట్టు. మునినారాయణప్ప బొమ్మ గీశాడు. నేను ఊపిరి పట్టుకుని నిలబడ్డాను.

ఆకుపిట్టల మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మార్చి 10

మునినారాయణప్పతో గొడవ.

మిలిటరీ సామాన్ల వేలంలో అతనొక దుర్భిణి కొన్నాడు. నేడు అది కళ్ళకు పెట్టుకుని గాజు మేడ వెనక ఉన్న కానుగ చెట్టులోకి చూస్తూ, "ఆకుపిట్ట ఉండాది గిరియప్పా" అన్నాడు.

"ఉంటే పలకదా?" అన్నాను.

దుర్భిణి దించి నా వంక చూశాడు. "పలుకుతానే ఉండాది కదప్పా."

తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా "అదిగో, విను" అని నేను చూపిస్తే తప్ప కాకికీ కోకిలకీ తేడా తెలియని మనిషి. నాకు పిట్ట కూత నేర్పుతాడా?

"నీ చెవిలో ఈగ దూరింటాది" అన్నాను.

"దూరనీ. అది కూడా పలుకుతాండాది" అన్నాడు.

నవ్వి ఊరుకోవలసిన మాట. నేను ఊరుకోలేదు. దుర్భిణి కొన్నాక నీకు కళ్ళు నెత్తికెక్కాయన్నాను. ముసలితనంలో గొప్పలేమిటన్నాను. ఇంకా ఏవో అన్నాను, రాయను. అతను దుర్భిణి తోలుసంచిలో పెట్టుకుని మెల్లగా గేటు వైపు వెళ్ళిపోయాడు.

మార్చి 12

ఒక్కణ్ణే వెళ్ళాను. కానుగ చెట్టు కింద బాగా సేపు కూర్చున్నాను. చిగుళ్ళు వచ్చాయి. ఏమీ వినిపించలేదు. చూశావా, నేను చెప్పలేదూ?

మార్చి 17

ఒక్కణ్ణే. పిట్టలు చూడటం ఒక్కడికి కుదిరే పని కాదు. పసుపు పిట్టలు చెరువు గట్టున సగం తగ్గాయి. ఎవరితో చెప్పేది?

మార్చి 23

పిల్లప్ప కబురు పెడితే వాళ్ళ కొలిమికి వెళ్ళాను. అచ్చు పగలగొట్టి గంట తీశాడు. నవమి నాడు నలుగురి ఎదుట కొట్టే ముందు ఒకసారి నేను వింటే తనకు ధైర్యమన్నాడు.

చూడటానికి ఎంత ముద్దుగా ఉందో! ఇన్ని ఇళ్ళ కంచు కలిసి కొత్త బెల్లం రంగులో మెరుస్తోంది. దూలానికి వేలాడదీశారు. కొట్టాను. గుండెలో మోగింది. బావిలో పెద్ద బండ పడ్డట్టు నిండుగా, లోతుగా, చాలాసేపు.

"పలికింది" అన్నాను.

పిల్లప్ప వెంటనే సంతోషపడతాడనుకున్నాను. అతను అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "చివర్లో జీర మాదిరి ఏమన్నా విన్నారా అన్నా?"

"ఏ జీర?"

"ఏమో, ఈగ రెక్క కొట్టుకొనేటట్లు. సల్ప, రవ్వంత. చివర్లో."

"అది నీ రేకుల కప్పు పలికేది. గంట కాదు" అన్నాను.

కొలిమి దగ్గర ఉన్నవాళ్ళంతా కప్పు వంక చూశారు. పిల్లప్ప కూడా చూశాడు. "మీరు లేదంటే లేదన్నా" అన్నాడు. తర్వాత కాఫీ తెప్పించాడు.

మార్చి 24

ఈగ. మునినారాయణప్ప కూడా ఈగే అన్నాడు. కాదు, ఈగ అన్నది నేనే.

మార్చి 25

అంగట్లో పని జాస్తి.

మార్చి 29

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 3, ఉగాది

వేపపూత పచ్చడి పట్టుకుని మునినారాయణప్ప ఇంటికి నేనే పోయాను. పండుగ పూట పగ ఎందుకు. అతను తలుపు తీసి, పచ్చడి నోట్లో వేసుకుని, "చేదు జాస్తి పడింది, నీ మాట మాదిరే" అన్నాడు. అంతటితో సరి. ఇద్దరం లాల్‌బాగ్ వెళ్ళాము.

కానుగ చెట్టు లేత ఆకుతో మెరిసిపోతోంది. అతను చాలాసేపు వెతికి, దుర్భిణి నా చేతికిచ్చి, నా తల పట్టుకుని అటు తిప్పాడు. "ఆ వంకర కొమ్మ. దానికి ఎడమ చెయ్యి పక్క. చూడు" అన్నాడు.

ముందు ఆకులే కనబడ్డాయి. తర్వాత ఒక ఆకు కదిలింది. ఆకు కాదు, ఆకుపిట్ట. ఇన్నేళ్ళలో దాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కంటి మీద సన్నని తెల్ల గీత. కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. పురుగు కోసం వెతుకుతోంది. ఆగింది. తల ఎత్తింది.

నోరు తెరిచింది. మూసింది. తెరిచింది. గొంతు దగ్గర ఈకలు వణుకుతున్నాయి. పక్కన మునినారాయణప్ప మెల్లగా "ఇదో... ఇదో... మళ్ళా" అంటున్నాడు. పిట్ట నోరు తెరిచినప్పుడల్లా అతని "ఇదో" పడుతోంది.

నాకేమీ లేదు. చెరువు పక్క చాకలి బండ మోత వినిపిస్తోంది. గేటు దగ్గర జట్కా గుర్రం సకిలింపు వినిపిస్తోంది. మునినారాయణప్ప మాట వినిపిస్తోంది. పిట్ట మాత్రం మూగది.

దుర్భిణి తిరిగి ఇచ్చేశాను. అతను నా మొహం చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. చెట్టు కింద కూర్చుని ఏడ్చాను. చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఏప్రిల్ 4

గోడ గడియారానికి చెవి ఆనించాను. లోలకం ఊగుతోంది. చప్పుడు లేదు.

కీచురాళ్ళు నిజంగానే లేవా అని పక్కింటాయనను అడిగాను. "ఈ ఏడు మరీ ప్రాణం తీస్తాండాయి కదప్పా" అన్నాడు.

ఏప్రిల్ 5

సుబ్బలక్ష్మమ్మ రాగులు చెరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"నా చెవి సంగతి నీకు తెలుసునా?"

చేట ఆపలేదు. "దీపావళి నుంచి తెలుసు" అంది. "బయట పిల్లోళ్ళు సీమ వెన్నముద్దలు కాలుస్తాంటే, ఈ ఏడు బుసబుస లేదే అంటిరి."

"మరి చెప్పలేదేమి?"

"ఎట్ల చెప్పేది? గట్టిగా మాట్లాడితే 'నేనేమన్నా చెవిటోణ్ణా' అని కసిరితిరి. మెల్లగా మాట్లాడితే గొణుగుతాండావంటిరి. మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు నేను యాడ నుంచి తెచ్చేది?"

కోపం రాలేదు. కోపానికి కూడా ఎంతోకొంత గర్వం మిగిలి ఉండాలి. గంట గురించి అడిగాను.

"నేను యాడ విన్నాను? పిల్లప్ప పెండ్లాము చెప్పింది" అంది. "ఆ పొద్దు కొలిమి కాడ ఉండేవాళ్ళందరికీ జీర వినిపించిందంట. మీరు లేదంటిరి కదా, ఎవరి చెవిని వాళ్ళు అనుమానపడినారు. ఆయమ్మ తన చెవిలోనే గుమిలి ఉండాదేమో అని వేడి నూనె పోసుకొందంట. పిల్లప్ప రెండు రేకులు తీసేసి, కప్పుకు మేకులు కొట్టినాడంట."

అప్పుడు అర్థమైంది. అంతమంది విన్నారు. విన్నవాళ్ళంతా తమకు వినిపించలేదనుకున్నారు, నేనొక్కణ్ణి వినలేదు గనుక. మా తాతా మా నాయనా సంపాదించి పెట్టిన మాట ఇంత పని చేస్తుందని నేననుకోలేదు.

ఏప్రిల్ 6

చెవుల డాక్టరు. చిన్న ఇనప పుల్లలు మోగించి చూశాడు. కొన్ని విన్నాను. కొన్ని అతను మోగించాడనే నమ్మలేదు. సన్న శబ్దాలు ముందు పోతాయట, వయసట. మందు లేదట.

ఏప్రిల్ 7

గంట ఎట్లాగూ తయారైంది. నవమికి ఇంక ఎన్నో రోజులు లేవు. మళ్ళీ కరిగించాలంటే పిల్లప్పకు బొగ్గు ఎక్కడిది? జీర జీరగానే ఉండిపోవచ్చు. బీట కావడానికి నాలుగైదేళ్ళు పట్టొచ్చు. అప్పటికి నేనుంటానో లేదో. ఉన్నా, తాడు లాగినవాడు మొరటుగా లాగాడంటారు.

ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నా బుద్ధి ఇదే అని నాకన్నా తెలియాలి.

ఏప్రిల్ 8

తిమ్మరాయప్ప ఇంటికి పోయాను, చెప్పేద్దామని. కాఫీ తాగి వచ్చాను.

ఏప్రిల్ 9

మళ్ళీ పోయాను. అరటి పిలకల గురించి మాట్లాడుకున్నాము.

ఏప్రిల్ 11, శ్రీరామనవమి

నేను చేతకానివాణ్ణి కాబట్టి సంగతి నలుగురి మధ్యకు వచ్చింది. ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు.

మందిరం ముందర పందిరి వేశారు. పానకం బిందెలు, పెసరపప్పు కోసంబరి, విసనకర్రలు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మూడు కర్రల మధ్య గంట వేలాడుతోంది, పసుపు కుంకుమ పెట్టి. పిల్లప్ప కొత్త పంచె కట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. తిమ్మరాయప్ప కొయ్య సుత్తి పళ్ళెంలో పెట్టి నాకు అందించాడు. మునినారాయణప్ప నా వెనకనే ఉన్నాడు.

కొట్టాను.

ఎంత బాగుందో! నిజం రాస్తున్నాను, నా చెవికి అంత నిండైన గంట నా జన్మలో వినలేదు. కాళ్ళ కింద నేల కూడా మోగింది. ఆ మోత తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఆగిపోయాక కూడా జనం ఇంకా ఏదో వింటున్నట్టు నిలబడి ఉన్నారు. అప్పుడే తెలిసింది, గంట ఇంకా మోగుతోంది, నాకే ఆగిపోయిందని.

తర్వాత అందరూ నా నోటి వంక చూశారు. ఒక్క మాట చాలు. నాలుక చివర ఉంది.

"నాకు పలికింది. మీకు?" అన్నాను.

ఎవరో నవ్వారు. నేను తమాషా చేస్తున్నాననుకున్నారు. "మాదేముండాదప్పా, నువ్వు చెప్పు" అన్నాడు తిమ్మరాయప్ప.

"నా చెవి పోయింది తిమ్మరాయప్పా. సన్న మోత నాకు వినిపించదు. ఆ పొద్దు కొలిమి కాడ నేను చెప్పింది తప్పు. మీరు ఏమి విన్నారో మీరే చెప్పాల."

పందిరి కింద ప్రతివాడూ పక్కవాడి మొహం వంక చూశాడు. విన్నది చెప్పమంటే వాళ్ళకు భయం. ఇన్నేళ్ళూ వాళ్ళ తరపున విన్నది నేను. పిల్లప్ప వంక చూశాను, తల ఎత్తలేదు.

ఆడవాళ్ళ పక్క నుంచి సుబ్బలక్ష్మమ్మ ముందుకు వచ్చింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఆ పాత గొంతుతో, ఆవును లేపిన గొంతుతో, "జీర ఉండాది" అంది.

"ఉండాది" అన్నాడు పిల్లప్ప వెంటనే. "నాకు ఆ పొద్దే వినిపించె."

ఇంక ఒకరి తర్వాత ఒకరు. నాకూ వినిపించె, నాకూ వినిపించె. ఆ తర్వాత వేరే మాటలు వచ్చాయి. మా పళ్ళేలు తినేసినాడని ఒకామె. నవమికి గంట లేకుండా చేసినాడని ఒకాయన. "రెండు సార్లు ఇంటికొస్తివే, కాఫీ తాగి పోతివే, అప్పుడు నోట్లో ఏముండె?" అన్నాడు తిమ్మరాయప్ప. ప్రతి మాటా న్యాయమే. తల వంచుకుని విన్నాను. అవి మాత్రం బాగానే వినిపించాయి.

శంఖంతో హారతి ఇచ్చారు. తాంబూలం నాకివ్వలేదు. గంటను బండి మీద వేసుకుని పోతూ పిల్లప్ప మా ఇంటి ముందర ఆగాడు. "మళ్ళా పోస్తాను అన్నా. బొగ్గు ఎట్లనో చూసుకొంటాను" అన్నాడు. "రేకులు తీసేస్తివంటనే" అన్నాను. "వానలు రాకముందే మళ్ళా వేసుకొంటాలే" అన్నాడు.

అవమానంగా ఉంది. దానితో పాటు ఆకలి కూడా వేసింది. చాలా రోజుల తర్వాత రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఏప్రిల్ 13

అంగడికి ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 16

ఒకామె వచ్చి బిందె అడిగింది. ఇచ్చి, కొట్టి చూసుకోమన్నాను. కొట్టి, అలవాటు చొప్పున నా మొహం వంక చూసింది. "నీకెట్లుండాదమ్మా?" అన్నాను. పాపం, మళ్ళీ ఒకసారి కొట్టి చూసుకుంది. "బాగుండాదనిపిస్తాది" అంది. తీసుకుపోయింది.

ఏప్రిల్ 21, ఆదివారం

నిన్న తిమ్మరాయప్ప వచ్చాడు. గొంతు పెంచి మాట్లాడుతున్నాడు, వీధిలో అందరూ ఇప్పుడు నాతో అట్లాగే మాట్లాడుతున్నారు. కోపం తగ్గింది. పిల్లప్ప మళ్ళీ అచ్చు కడుతున్నాడట, వైశాఖంలో కడదామని పెద్దలు అనుకున్నారట.

"మాట మాత్రం మీ యింటిది. అది మారదు" అన్నాడు. "ఆడమనిషి నలుగురిలో చెప్తే బాగుండదు. ఒక పని చేస్తాము. సుత్తి నువ్వే పట్టు. సుబ్బలక్ష్మమ్మ నీ పక్కన నిలబడి, పలికిందో లేదో మెల్లగా నీ చెవిలో చెప్తాది. నువ్వు గట్టిగా చెప్పు. నీ మర్యాదా ఉంటాది, గంటకూ సరిపోతాది."

ఆలోచించి చెప్తానన్నాను. అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. పోయిన మర్యాద పళ్ళెంలో పెట్టి ఇస్తుంటే ఎవడు వద్దంటాడు?

నేడు లాల్‌బాగ్‌కు సుబ్బలక్ష్మమ్మను కూడా తీసుకుపోయాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ రాలేదు. రమ్మని నేను పిలవనూ లేదు. మునినారాయణప్ప దుర్భిణి ఇస్తే తలకిందులుగా పట్టుకుని చూసి, "అంతా దూరం పోయె" అని తిరిగి ఇచ్చేసింది. ముగ్గురం కానుగ చెట్టు కింద కూర్చున్నాము. పూత రాలి నేలంతా తెల్లగా ఉంది.

కాసేపటికి ఆమె తల పైకెత్తింది. "ఇదేనా?" అంది.

"ఎట్లుండాది?" అన్నాను.

"చిన్న కూత. కొత్త గాజులు రెండు ఒకదానికొకటి తగిలితే వస్తాదే, అట్ల. అంతే. దీనికోసరమా ఇన్నేండ్లు పొద్దున్నే లేచి పోతాంటిరి?"

"దీనికోసమే" అన్నాను. గాజులు అనగానే ఆ కూత నాకు తలలో వచ్చింది, ఉన్నది ఉన్నట్టుగా. కళ్ళు మూసుకున్నాను.

తర్వాత తిమ్మరాయప్ప మాట ఆమెకు చెప్పాను. సుత్తి నేను పట్టడం, ఆమె మెల్లగా నా చెవిలో చెప్పడం, నేను గట్టిగా అనడం. మునినారాయణప్ప గడ్డి పరక నములుతూ వింటున్నాడు.

ఆమె నా వంక చూసింది. ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. రాగుల్లో రాయి దొరికితే చూసినట్టు చూసింది.

"నేను మెల్లగా చెప్తే మీకు వినపడదు కదా" అంది.

మునినారాయణప్పకు పొరపోయింది. చెవిలో చెప్పినా వీధంతా వినేటట్టు చెప్పాలి, అప్పుడు నేను మళ్ళీ చెప్పడమెందుకు?

"అయితే గట్టిగానే చెప్పు" అన్నాను. "నేను కొడతాను. నువ్వు చెప్పు."

సరేనంది. ఎండెక్కుతోందని ముగ్గురం లేచి గేటు వైపు నడిచాము. పోయేటప్పుడు తిమ్మరాయప్ప ఇంటి మీదుగా పోదామన్నాను. ఈసారి కాఫీ ఇచ్చినా, ముందు మాట చెప్పాకనే తాగాను.